జార్జ్ హెర్బర్ట్: దేవుడితో గొడవపడిన గ్రామ పాస్టరు

ఒక కౌలుదారు ఉన్నాడు. చాలాకాలంగా ఒక పెద్ద భూస్వామి భూమి చేస్తున్నాడు. కలిసిరావడం లేదు. పాత కౌలు రద్దు చేసి, తక్కువ మొత్తానికి కొత్త కౌలు రాసిమ్మని అడుగుదామని ధైర్యం చేసి దొర ఇంటికి వెళ్లాడు. ఆ ఇల్లు ఉన్నది పరలోకంలో. దొర అక్కడ లేడు. ఎప్పుడో చాలా ఖరీదు పెట్టి కొన్న భూమి భూలోకంలో ఒకటి ఉందనీ, దాన్ని స్వాధీనం చేసుకోవడానికి ఈమధ్యే వెళ్లాడనీ అక్కడివాళ్లు చెప్పారు. అంత గొప్పవాడు గొప్ప చోట్లే ఉంటాడు కదా అని కౌలుదారు నగరాల్లో వెతికాడు, నాటకశాలల్లో, తోటల్లో, రాజసభల్లో వెతికాడు. చివరికి ఒకచోట దొంగలూ హంతకులూ కేకలు వేస్తూ నవ్వుకుంటున్న గోల వినిపించింది. దొర వాళ్ల మధ్య కనిపించాడు. కౌలుదారు నోరు తెరవకముందే, "నువ్వడిగింది ఇచ్చాను" అన్నాడు. అని ప్రాణం విడిచాడు.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు కవి జార్జ్ హెర్బర్ట్ రాసిన పద్నాలుగు పాదాల ఈ కవిత పేరు 'రిడెంప్షన్'. ఇంగ్లీషులో తాకట్టు విడిపించుకోవడానికీ పాపవిమోచనకూ అదే మాట. సిలువ అన్న పదం కవితలో ఎక్కడా లేదు. క్రీస్తు పేరూ లేదు. కౌలు పత్రం గురించి మొదలైన కథ కౌలు పత్రం భాషలోనే ముగుస్తుంది. దీన్ని విప్పే తాళంచెవి తెలుగు పాఠకుడి చేతిలో ముందే ఉంది. మన బైబిలులో పాత నిబంధన, కొత్త నిబంధన అంటాం. నిబంధన అంటే ఒప్పందం. పాత ఒప్పందం కింద మనిషి బాకీ తీర్చలేకపోయాడు. కొత్త ఒప్పందం కోసం వెళితే, దాన్ని రాసివ్వవలసినవాడు తన ప్రాణమే మూల్యంగా చెల్లించి రాసిచ్చాడు. క్రైస్తవ దైవశాస్త్రంలో గ్రంథాలకు గ్రంథాలు నిండిన వాదాన్ని హెర్బర్ట్ ఒక రైతు తిరుగుడుగా మార్చేశాడు.

జార్జ్ హెర్బర్ట్ సులభమైన కవి అని పేరు. చిన్న మాటలు, ఇంటి సామాను, పొలం, పూలు, భోజనం బల్ల. అందుకే చాలామంది ఆయన్ని ఒక సాధువుగా, ఊరి చర్చి నీడలో ప్రశాంతంగా ప్రార్థనలు రాసుకున్న భక్తుడిగా చదివి పక్కన పెడతారు. నాకు అది అన్యాయంగా కనిపిస్తుంది. ఆ ప్రశాంతత వెనక ఎంత పెనుగులాట ఉందో, ఆ పెనుగులాటను ఆయన పద్యం కట్టడంలోనే ఎలా దాచిపెట్టాడో చూస్తే, ఇంగ్లీషులో ఇంత జాగ్రత్తగా రాసిన కవులు కొద్దిమందే అని తెలుస్తుంది.

ముందు జీవితం. హెర్బర్ట్ 1593 ఏప్రిల్ 3న వేల్స్‌లోని మాంట్‌గమరీలో పుట్టాడు. పెద్దింటి బిడ్డ, పెంబ్రోక్ ప్రభువులు బంధువులు. మూడేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, మొత్తం పదిమందినీ తల్లి మాగ్డలెన్ పెంచి పెద్దచేసింది. చదువుకున్న మనిషి, సంగీతం తెలిసిన మనిషి, కవి జాన్ డన్‌కు ఆప్తురాలు. పెద్దకొడుకు ఎడ్వర్డ్ తత్త్వవేత్తగా, ఫ్రాన్సులో ఇంగ్లండ్ రాయబారిగా పేరు తెచ్చుకున్నాడు. జార్జ్ వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చదివి, 1609లో కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కళాశాలలో చేరాడు. ఆ మరుసటి నూతన సంవత్సరానికి పదహారేళ్ల కుర్రవాడు తల్లికి రెండు సానెట్లు (పద్నాలుగు పాదాల పద్యాలు) పంపాడు. కవులందరూ స్త్రీల కోసమే ఎందుకు రాయాలి, దేవుడికి ఆ పద్యాలు ఎందుకు దక్కకూడదు అన్నది వాటి సారాంశం. తన కవిత్వం ఎవరికి చెందాలో ఆ వయసులోనే తేల్చుకున్నాడు.

జీవితం ఎవరికి చెందాలో తేల్చుకోవడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. చిక్కు ఉన్నది ఇక్కడే.

1620లో ఆయన కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి అధికార వక్తగా ఎన్నికయ్యాడు. రాజుకూ మంత్రులకూ విశ్వవిద్యాలయం తరఫున లాటిన్‌లో ఉత్తరాలు రాయడం, ప్రముఖులు వచ్చినప్పుడు స్వాగత ప్రసంగాలు చేయడం ఆ పని. అంతకుముందు ఆ పదవి చేసినవాళ్లు రాజ్య కార్యదర్శుల స్థాయికి ఎదిగారు. 1624లో మాంట్‌గమరీ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఇక రాజసభలో పెద్ద పదవి వస్తుందని అందరూ అనుకునే దశలో, 1630లో, సాల్స్‌బరీ నగరం పక్కనున్న బెమర్టన్ అనే చిన్న ఊరికి పాస్టరుగా వెళ్లాడు. మూడేళ్లు కూడా నిండకుండానే, 1633 మార్చి 1న, క్షయతో చనిపోయాడు. నలభై నిండడానికి నెల రోజులు తక్కువ.

ఆ మలుపు ఎందుకు? దీనికి జవాబుగా శతాబ్దాల పాటు చెలామణీ అయిన కథ ఐజాక్ వాల్టన్ రాసినది. వాల్టన్ 1670లో, అంటే హెర్బర్ట్ పోయిన ముప్పై ఏడేళ్లకు, ఆయన జీవితచరిత్ర ప్రచురించాడు. ఆయనతో వాల్టన్‌కు పరిచయం లేదు. ఆ పుస్తకం ప్రకారం హెర్బర్ట్‌కు రాజసభ మీద ఆశ ఉండేది. ఆదరించిన ఇద్దరు ప్రభువులూ, 1625లో జేమ్స్ రాజూ ఒకరి వెనక ఒకరు చనిపోవడంతో ఆ ఆశ చచ్చిపోయింది. అప్పుడు ఆయన దేవుడివైపు తిరిగాడు. కథ అందంగా ఉంది. తారీఖులే కుదరవు. జేమ్స్ రాజు పోవడానికి కొన్ని నెలల ముందే, 1624 చివరిలో, హెర్బర్ట్ డీకన్‌గా, అంటే చర్చి సేవలో మొదటి మెట్టుకు, అభిషేకం పొందడానికి ఆర్చిబిషప్ ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నాడు. దానికీ ఆరేళ్ల ముందు సవతి తండ్రికి రాసిన ఉత్తరంలో దైవశాస్త్ర గ్రంథాలు కొనుక్కోవడానికి డబ్బు అడుగుతూ, తన రాబోయే జీవితానికి పునాది అదేనని చెప్పాడు. కాబట్టి, ఆశ పోయాకే దేవుడు గుర్తొచ్చాడన్న మాట నిలవదు.

అలాగని ఆయనకు లోకం మీద మోజు లేదనీ అనలేం. వక్త పదవి కోసం తిరుగుతున్న రోజుల్లో రాసిన ఉత్తరంలో, ఆ పదవిలో సభల్లో ఎవరి పక్కన కూర్చోబెడతారో, ఎవరికంటే ముందు నడవనిస్తారో సంతోషంగా లెక్కపెట్టి, ఇవన్నీ కుర్రవాడికి నచ్చే సంగతులే కదా అని రాశాడు. ఈ పదవి నిన్ను దైవసేవ నుంచి పక్కకు లాగుతుందేమో అని ఒక పెద్దమనిషి హెచ్చరిస్తే, ఇందులో పరలోకంతో పొసగనంత మట్టి ఏమీ లేదని జవాబిచ్చాడు. రెండూ కావాలనుకున్నాడు, మనస్ఫూర్తిగా. రెండూ ఒకే మనిషిలో ఇమడవేమో అన్న భయం చాలా ఏళ్లు వెంటాడింది. ఆ ఏళ్లలో అనారోగ్యం కూడా తీవ్రంగా ఉండేది.

'అఫ్లిక్షన్' (వేదన) అనే పేరుతో ఆయన రాసిన ఐదు కవితల్లో మొదటిది ఈ ఏళ్ల గురించే. దేవుడి కొలువులో చేరిన పనివాడు యజమానికి లెక్క అప్పజెబుతున్నట్టు నడుస్తుంది. మొదట్లో నువ్వు పాలూ మిఠాయీ పెట్టావు, రోజులు పూలతో నిండిపోయాయి. తర్వాత జబ్బులు పంపావు. స్నేహితుల్ని తీసుకుపోయావు. నా పుట్టుకా నా మనసూ నగరం వైపు లాగుతుంటే నువ్వు నన్ను పుస్తకానికి పట్టించి, మీద పండితుడి అంగీ చుట్టావు. ఇప్పుడు నాతో ఏం చేయించుకుంటావో నా పుస్తకాలేవీ చెప్పడం లేదు. ఇంతవరకూ ఫిర్యాదు. ఇక్కడ కవి గొంతు తగ్గుతుంది: నేను చెట్టునైనా బాగుండేది, కాయలో నీడో ఇచ్చేవాణ్ణి, కనీసం ఒక పక్షి తన కాపురాన్ని నన్ను నమ్మి పెట్టుకునేది. అంతమంది ప్రభువుల బంధువు, అంత చదువుకున్నవాడు, ఒక పిట్ట నమ్మకానికి కూడా పనికిరాకుండా పోయానని రాసుకున్నాడు. ఈ పాదాలు దాటి ముందుకు వెళ్లడానికి నాకు ప్రతిసారీ కొంత సమయం పడుతుంది.

వాల్టన్ ఒక సంగతి మాత్రం విలువైనది అందించాడు. చావు దగ్గరపడ్డాక హెర్బర్ట్ తన చేతిరాత పుస్తకాన్ని లిటిల్ గిడ్డింగ్ అనే ఊళ్లో ఉన్న స్నేహితుడు నికొలస్ ఫెరర్‌కు పంపుతూ, ఇందులో దేవుడికీ నా ఆత్మకూ మధ్య జరిగిన అనేక సంఘర్షణల చిత్రం ఉంది, కుంగిపోయిన ఏ పేద ప్రాణానికైనా ఉపయోగపడుతుందనుకుంటే అచ్చువేయించు, లేదంటే తగలబెట్టు అని కబురు చేశాడట. కబురులోని మాటలు వాల్టన్ దిద్దినవి కావచ్చు. పుస్తకం మాత్రం ఆ మాటలకు సరిగ్గా సరిపోతుంది. ఫెరర్ తగలబెట్టలేదు. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో 'ది టెంపుల్' పేరుతో అచ్చయింది. 160కి పైగా కవితలు. హెర్బర్ట్ బతికి ఉండగా వెలువడినవి లాటిన్, గ్రీకు రచనలే; తల్లి పోయినప్పుడు 1627లో రాసిన స్మృతి పద్యాలు కూడా ఆ భాషల్లోవే. ఇంగ్లీషు కవిగా ఆయన్ని లోకం చూసింది ఆయన పోయాకే.

'టెంపుల్'కు ముందరి దశ చేతిరాత ప్రతి ఒకటి దొరికింది. అందులో చివరి పుస్తకంలో ఉన్న కవితల్లో సగం కూడా లేవు. ఉన్నవాటి మీద హెర్బర్ట్ స్వయంగా దిద్దిన గుర్తులున్నాయి. 'పర్‌ఫెక్షన్' అని పేరు పెట్టుకున్న ఒక కవిత పేరు మారి 'ది ఎలిక్సిర్' అయింది. పరిపూర్ణత అనే ఒట్టి భావం పోయి, ఇనుమును బంగారం చేసే రసవాదుల పరుసవేది వచ్చి చేరింది. ఇల్లు ఊడ్చే పనిమనిషి కూడా ఆ పని దేవుడి కోసం అనుకుని ఊడిస్తే, గదీ బాగుపడుతుంది, పనీ గొప్పదవుతుంది అనే చరణం ఉన్నది ఇందులోనే. ఈ కవిత ఇప్పుడు ఇంగ్లీషు చర్చిల్లో కీర్తనగా పాడుతున్నారు. అప్పటికప్పుడు ఉప్పొంగి రాసే కవి కాదు హెర్బర్ట్. చెక్కినవాడు, కొట్టేసి మళ్లీ రాసినవాడు.

ఇక ఆయన పనితనం. దీన్ని చూపడానికి 'డినయల్' (నిరాకరణ) కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ప్రార్థిస్తున్నా దేవుడు వినడం లేదన్న బాధ ఈ కవిత విషయం. ఆరు చరణాలు, ఒక్కోదానిలో ఐదు పాదాలు. మొదటి నాలుగు పాదాలకు అంత్యప్రాస కుదురుతుంది. ఐదో పాదం ఒక్కటే ఏ పాదంతోనూ కలవకుండా చరణం చివర ఒంటరిగా వేలాడుతుంది. నా గుండె విరిగింది, నా పద్యమూ విరిగింది అని మొదట్లోనే చెబుతాడు, చెప్పి నిజంగానే పద్యాన్ని విరిచి చూపుతాడు. రెండో చరణంలో అంతే, మూడులో అంతే, ఐదు చరణాలు అంతే. చెవి ప్రాస కోసం ఎదురుచూస్తుంది, దొరకదు. దేవుడి జవాబు కోసం ఆయన ఎదురుచూపు మన చెవికే అంటుకుంటుంది. ఆరో చరణంలో ఆయన అడుగుతాడు: నా గుండెను శ్రుతి చెయ్యి, ఆలస్యం చేయకు, నీ దయా నా మనసూ ఒక స్వరంలో మోగి నా ప్రాసను బాగుచేయాలి. ఆ పాదం, ఆ ఒక్క పాదం, ముందుపాదంతో ప్రాస కలుస్తుంది. దేవుడు జవాబిచ్చాడని కవిత ఎక్కడా చెప్పదు. ప్రాస కుదిరింది, అంతే.

అంత్యప్రాసను అలంకారంగా వాడినవాళ్లు లక్షమంది. దాన్ని లేకుండా చేసి దుఃఖంగా, తిరిగి ఇచ్చి ఓదార్పుగా వాడినవాణ్ణి ఇంకెక్కడ చూస్తాం?

'ఈస్టర్ వింగ్స్' కూడా ఇలాంటిదే, కాని ఇది కంటికి. రెండు చరణాలు, ఒక్కో చరణంలో పది పాదాలు. మొదటి పాదంలో పది అక్షరాలు (ఇంగ్లీషు ఉచ్చారణ లెక్కలో), తర్వాత ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు. మళ్లీ రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. కాగితం మీద నిలువుగా తిప్పితే రెక్కలు విప్పిన పక్షులు కనిపిస్తాయి. 1633 ప్రతిలో నిజంగానే అలా తిప్పి అచ్చువేశారు. పద్మబంధం, నాగబంధం వంటి బంధకవిత్వం మన అవధానులూ ప్రబంధకవులూ చేసినదే కాబట్టి తెలుగువాడికి ఇది కొత్త కాదనిపిస్తుంది. ఒక తేడా ఉంది. మన బంధాల్లో ఛందస్సు మామూలుగానే నడుస్తుంది, అక్షరాలను గీసిన బొమ్మ గళ్లలో పేర్చుతాం. హెర్బర్ట్ దగ్గర పాదం పొడవే బొమ్మ. మనిషికి దేవుడు సంపదంతా ఇచ్చాడు, మనిషి దాన్ని పోగొట్టుకుంటూ పోగొట్టుకుంటూ చివరికి కటిక పేదవాడయ్యాడు అన్నప్పుడు పాదం రెండు అక్షరాలకు చిక్కిపోతుంది. దాని వెంటనే వచ్చే రెండక్షరాల పాదం "నీతో" అంటుంది. అక్కడినుంచి మళ్లీ విస్తరిస్తుంది. రెండో చరణంలో జబ్బుతో చిక్కి సన్నబడ్డానని చెప్పే చోటా ఇంతే. నడుమ సన్నని చోట మళ్లీ "నీతో". చివర్లో ఒక మాట వాడతాడు, అది డేగల వేటకాళ్ల మాట. డేగ రెక్కలో ఈక విరిగితే దానికి వేరే ఈక అతికి మళ్లీ ఎగిరేలా చేసే పద్ధతి ఒకటి ఉండేది. నా రెక్కను నీ రెక్కకు అలా అతుకుతాను అంటాడు.

తర్వాతి కాలం ఈ పనిని ఇష్టపడలేదు. రెక్కలూ బలిపీఠాలూ గీసే కవులను కవి డ్రైడన్ గేలిచేశాడు. 1711లో వ్యాసకర్త అడిసన్ వీటిని కపట చమత్కారంగా కొట్టిపారేస్తూ హెర్బర్ట్ పేరు కూడా చెప్పాడు. మన ఆలంకారికులు చిత్రకావ్యాన్ని అధమం అన్నారు కదా, అదే తూకం. ఒట్టి విన్యాసం మీద ఆ తీర్పు సరైనదే. 'ఈస్టర్ వింగ్స్' మీద సరికాదు, ఎందుకంటే ఇందులో బొమ్మ తీసేస్తే అర్థం కూడా పోతుంది.

'ది కాలర్' దగ్గరికి వచ్చేసరికి మర్యాదలన్నీ తెగిపోతాయి. మొదటి మాటే "నేను బల్ల మీద గుద్దాను, ఇక చాలు, వెళ్లిపోతాను అని అరిచాను". హెర్బర్ట్ వాడిన ఇంగ్లీషు మాటకు భోజనం బల్ల అనీ, చర్చిలో ప్రభు భోజనం పంచే బల్ల అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఆంగ్లేయ పాఠకులకు దీన్ని వివరించడానికి అడుగున గమనిక వేయాలి. తెలుగు క్రైస్తవులకు ఏ గమనికా అక్కరలేదు. బల్ల ఆరాధన, బల్ల తీసుకోవడం అని వాళ్లు రోజూ అనే మాటే. పైగా గట్టిగా చెప్పడాన్ని మనం బల్లగుద్ది చెప్పడం అంటాం. హెర్బర్ట్ మొదటి పాదం తెలుగులోకి వస్తే రెండర్థాలకు మూడోది తోడవుతుంది. శీర్షికలోనూ ఇలాంటి కూర్పే ఉంది: 'కాలర్' అంటే మెడకు వేసిన పట్టీ, అదే ధ్వనితో పలికే ఇంకో మాటకు కోపం అని అర్థం, పిలిచేవాడు అన్న మాట కూడా చెవికి దగ్గరే.

కవిత పొడవునా పాదాలు పొట్టివీ పొడుగువీ అడ్డదిడ్డంగా పరుగెడతాయి. ప్రాసలు ఎక్కడో మొదలై ఎక్కడో తేలతాయి. నా జీవితం దారిలాగా గాలిలాగా స్వేచ్ఛగా ఉండాలి, పండించిందంతా ముళ్లేనా, పూలదండలన్నీ వాడిపోయాయా, రెండు చేతులా సుఖాలు అనుభవించి పోయిన కాలాన్ని రాబట్టుకుంటాను అని కేకలు. ముప్పై రెండు పాదాలు ఇలా ఊగిపోయాక, చివరి నాలుగు పాదాలు ఒకటి విడిచి ఒకటి ప్రాస కలిసి కుదురుకుంటాయి. అరుపు పెరుగుతున్నకొద్దీ ఎవరో "బిడ్డా" అని పిలిచినట్టు వినిపించింది. "నా ప్రభువా" అన్నాను. అక్కడితో అయిపోతుంది. దేవుడు వాదించడు. ఒక్క ఆరోపణకూ సమాధానం చెప్పడు. పిలుస్తాడు.

ఈ తెగువ భక్తికి విరుద్ధం కాదా అని అడిగేవాళ్లుంటారు. నిందాస్తుతి తెలిసిన మనకు ఆ సందేహం రానక్కరలేదు. భద్రాచలం రామదాసు చెరసాల నుంచి రాముణ్ణి ఎన్నెన్ని మాటలన్నాడో ప్రతి ఇంటికీ తెలుసు. హెర్బర్ట్ బైబిలులో దానికి దారి చూపినవి దావీదు కీర్తనలూ యోబు గ్రంథమూ. అయితే రామదాసు గొడవ బయటి కష్టం గురించి. హెర్బర్ట్ గొడవ లోపలిది: నీ సేవలో నేను దేనికీ పనికిరాకుండా పోతున్నాను అన్నది దాని మూలం.

శ్లేష మీద ఆధారపడ్డ ఒక కవితను తెలుగులోకి తేవడం దాదాపు అసాధ్యం. 'ది పుల్లీ', అంటే గిలక. దేవుడు మనిషిని చేసినప్పుడు పక్కనున్న గిన్నెలోని వరాలన్నీ, బలం, అందం, జ్ఞానం, గౌరవం, సుఖం వరసగా పోస్తాడు. గిన్నె అడుగున ఒక్కటే మిగిలింది, విశ్రాంతి. అది కూడా ఇస్తే మనిషి నన్ను వదిలి నా కానుకల్నే పూజిస్తాడని ఆపేస్తాడు. ఇంగ్లీషులో విశ్రాంతికీ 'మిగిలినవి' అనడానికీ ఒకే మాట. కాబట్టి "మిగిలినవన్నీ ఉంచుకోనీ" అని దేవుడు అన్నప్పుడు, ఇవ్వనిదీ ఇచ్చినవీ ఒకే శబ్దంలో వినిపిస్తాయి. గిలక మీద తాడు ఒకవైపు కిందికి లాగితే రెండోవైపు బొక్కెన పైకొస్తుంది. అలసటే మనిషిని పైకి లాగే బరువు.

'ప్రేయర్' అనే సానెట్‌లో ఇంకో వింత. పద్నాలుగు పాదాల్లో ప్రధాన క్రియాపదమే లేదు. ప్రార్థన అంటే ఏమిటో ఒకదాని వెనక ఒకటి పోలికలు: చర్చి విందు, తిరగేసిన పిడుగు, నక్షత్రాలకు ఆవల వినిపించే చర్చి గంటలు, సుగంధ ద్రవ్యాల దేశం. క్రియ లేకుండా వాక్యం చెప్పడం తెలుగులో సహజం. ఇంగ్లీషులో అది ఊపిరి బిగబట్టినట్టుంటుంది. ఆయన కేంబ్రిడ్జ్‌లో చదువుతున్న 1611లోనే ఈస్టిండియా కంపెనీ వర్తకులు మచిలీపట్నంలో దిగారు, కాబట్టి సుగంధాల దేశమనే మాట ఆ కాలపు ఇంగ్లీషు చెవికి ఎంత దూరాన్నీ ఎంత ఆశనూ మోసుకొచ్చేదో ఊహించవచ్చు. ఇన్ని మెరుపుల తర్వాత చివరి పోలిక రెండే రెండు మాటలు: అర్థమైనదేదో. ఎవరికి అర్థమైంది, ఏమి అర్థమైంది, చెప్పడు.

బెమర్టన్ మూడేళ్ల గురించి ఆయన రాసిన వచన గ్రంథమే మంచి సాక్ష్యం. 'ది కంట్రీ పార్సన్' 1652లో వెలువడింది. గ్రామ పాస్టరుకు సేద్యం, పశువుల మేత తెలిసుండాలి, మనుషులకు తెలిసిన దాని మీదుగానే తెలియని దానికి తీసుకుపోవాలి అంటాడు. ప్రసంగం గంట దాటకూడదు. హితబోధ కంటే కథలూ సామెతలూ ఎక్కువ గుర్తుంటాయి. పెరట్లో మందు మొక్కలు పెంచాలి, చిన్న జబ్బులకు వైద్యం తెలియాలి, ఊళ్లో తగాదాలు కోర్టుకు పోకుండా చూడాలి. ఆయన పోగుచేసిన పరదేశ సామెతలు వెయ్యికి పైగా 1640లో అచ్చయ్యాయి. అద్దాల ఇంట్లో ఉండేవాడు రాళ్లు రువ్వకూడదు అన్నది వాటిలో ఒకటి. కౌలు పత్రమూ గిలకా పొరకా ఆయన కవిత్వంలోకి ఊరికే రాలేదు.

ఇంకో వస్తువు ఉంది. బెమర్టన్‌కు ముందు, 1626లో, లేటన్ బ్రామ్స్‌వోల్డ్ అనే ఊరి చర్చి ఆదాయం ఆయనకు దక్కింది. ఆ చర్చి పాడుబడి ఉంది. బంధువుల దగ్గరా స్నేహితుల దగ్గరా చందాలు అడిగి బాగుచేయించాడు. ప్రసంగ వేదికనూ ప్రార్థన చదివే వేదికనూ ఒకే ఎత్తులో కట్టించాడు. ఆ జంట ఇప్పటికీ అక్కడే ఉంది. ప్రసంగమే ముఖ్యమనే ప్యూరిటన్లకూ, ఆరాధన క్రమమే ముఖ్యమనే వాళ్లకూ మధ్య ఇంగ్లండ్ చర్చి చీలుతున్న కాలం అది. హెర్బర్ట్ తీర్పు చెక్కలో ఉంది: రెంటికీ ఒకే ఎత్తు. ఆయన పోయిన తొమ్మిదేళ్లకు రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం వచ్చింది. ఖైదులో ఉన్న చార్లెస్ రాజు చదువుకున్న పుస్తకాల్లో హెర్బర్ట్ పద్యాలున్నాయి. రాజుకు ఎదురు నిలిచిన పక్షంలో సైనికులకు బోధించిన ప్యూరిటన్ రిచర్డ్ బాక్స్‌టర్ కూడా, దేవుడున్నాడని నిజంగా నమ్మినవాడిలా హెర్బర్ట్ దేవుడితో మాట్లాడతాడని రాశాడు. తలలు తెగిన ఆ యుద్ధంలో రెండు వైపులా ఉన్న పుస్తకం ఇది.

'టెంపుల్'లో 'ది చర్చ్' అనే ప్రధాన భాగంలో చివరి కవిత 'లవ్'. పద్దెనిమిది పాదాలు. ప్రేమ ఇంటి గుమ్మంలో నిలబడి అతిథిని లోపలికి రమ్మంటుంది. అతిథి దుమ్ము కొట్టుకుని ఉన్నాడు, వెనక్కి తగ్గుతాడు. ఏం తక్కువైంది అని అడుగుతుంది. ఈ ఇంటికి రాదగిన అతిథే తక్కువ అంటాడు. అది నువ్వే అంటుంది ప్రేమ. నీ ముఖం చూడలేను అంటాడు. ఆ కళ్లు చేసింది ఎవరు, నేను కాదా? చేసింది నువ్వే, పాడుచేసింది నేను. ఆ నింద ఎవరు మోశారో తెలియదా? అయితే నేను వడ్డిస్తాను. కాదు, నువ్వు కూర్చో, నా భోజనం రుచి చూడు. భోజనానికి పిలిచినప్పుడు మనం చేసే మొహమాటం, అవతలివాళ్లు చేసే బలవంతం, అంతా ఇక్కడుంది. 1938లో ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ వెయ్, తీవ్రమైన తలనొప్పులతో బాధపడుతూ ఈ కవితను కంఠస్థం చేసి, నొప్పి పెరిగినప్పుడల్లా మనసు పెట్టి చెప్పుకునేది. కవిత చెబుతున్నానని అనుకున్నాను, తెలియకుండానే అది ప్రార్థన అయింది అని తర్వాత ఒక ఉత్తరంలో రాసింది. యూదు కుటుంబంలో, మతం లేకుండా పెరిగిన మనిషి ఆమె.

చివరి పాదం ఇంగ్లీషులో ఆరు మాటలు, ఆరూ ఒక్కొక్క అక్షరానివే. వాదన లేదు, పోలిక లేదు, కన్నీళ్లు లేవు. దాన్ని తెలుగులో ఎలా పెట్టాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. "అలాగే కూర్చుని తిన్నాను" అంటే తొందరపడినట్టుంది. "కూర్చున్నాను. తిన్నాను." ఇప్పటికి ఇదే ఉంచాను.